ఒకవైపు ఘంటసాల, ఒకవైపు స్లేయర్

మా అమ్మ తన జీవితంలో స్లేయర్ అనే అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ పాట ఒక్కసారే విన్నది. విన్న మరుక్షణం డాబా మీదికి పరిగెత్తి, ఆరబెట్టిన గుమ్మడి వడియాలన్నీ పాత చీరతో సహా మూటగట్టి కిందికి తెచ్చేసింది.

1995 మే నెల. వరంగల్ ఆర్.ఇ.సి. ఇంజినీరింగ్ కాలేజీలో రెండో ఏడాది పరీక్షలు రాసి, తెనాలి దగ్గర మా ఊరికి సెలవులకొచ్చాను. మధ్యాహ్నం భోంచేసి నిద్రపోతున్నా. నాన్న అరుగు మీద నుంచి "ఆ ఘంటసాల పద్యాలు పెట్టు" అన్నాట్ట. అమ్మ క్యాసెట్టు ఏ వైపు ఉందో చూసుకోకుండా మీట నొక్కింది. గరగరమని ఏదో మోత. టేపు చుట్టుకుపోయిందేమోనని వంగి చూసింది. శుభ్రంగా తిరుగుతోంది. ఇంతలో ఎవరో తలుపు కొట్టారు, మూడుసార్లు. "వస్తున్నా" అంటూ వెళ్లి తీసింది. ఎవరూ లేరు. వీధిలో కుక్క కూడా లేదు. వెనక్కి తిరిగేసరికి ఉరుము, ఆపైన జోరున వాన.

బయట ఎండ మండిపోతోంది. అయినా ఉరుము చెవిన పడ్డాక ఆకాశం కేసి చూసేంత తీరిక వడియాలు పెట్టిన మనిషికి ఉంటుందా?

నేను లేచేసరికి అమ్మ మూట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నాన్న టేప్‌రికార్డర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఇదేం పాటరా, రైస్ మిల్లులో బెల్టు జారినట్టుంది" అన్నాడు. ఆయన తిట్టుగానే అన్నాడు. ముప్పై ఏళ్లయింది, ఆ సంగీతం గురించి అంతకంటే కచ్చితమైన మాట నాకింకా దొరకలేదు.

ఆ క్యాసెట్టు టీడీకే వాళ్లది, అరవై నిమిషాలది. ఒకవైపు ఘంటసాల పద్యాలు నాన్న ఎప్పుడో తెనాలిలో డబ్బులిచ్చి ఎక్కించుకున్నవి. రెండోవైపు ఖాళీగా ఉంది కదాని నేను హాస్టల్‌కి పట్టుకెళ్లాను. మా వింగ్‌లో మెకానికల్ ఫైనలియర్ అన్న ఒకాయన ఉండేవాడు, కరీంనగర్ వైపు మనిషి. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించి, "ఇగ విను తమ్మీ, ఇది విన్నంక నువ్వు మునుపటి మనిషివి గావు" అన్నాడు. అది 'రెయిన్ ఇన్ బ్లడ్' ఆల్బమ్. తెలుగులో రాస్తే వానలా కనిపిస్తుంది గానీ ఆల్బమ్ పేరులోని రెయిన్ అంటే రాజ్యమేలడం. వాన వేరే ఉంది, చివరి పాట 'రెయినింగ్ బ్లడ్'లో.

వాళ్ల బావ అమెరికా నుంచి తెచ్చిన అసలు క్యాసెట్టు అది. అటు తిప్పినా ఇటు తిప్పినా అవే పాటలు. ముందు మేం నకిలీదేమో అనుకున్నాం. సంగతేమిటంటే ఆల్బమ్‌లో పది పాటలున్నా మొత్తం నిడివి 29 నిమిషాలే. ఒక్క వైపే సరిపోయింది. రెండోవైపు ఖాళీగా ఎందుకని కంపెనీవాళ్లు అవే పాటలు మళ్లీ వేశారు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు 30 నిమిషాలు. నా ఖాళీ వైపు ఆ ఆల్బమ్ కోసమే కొలిచి కోసినట్టుంది.

రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఎవరి దగ్గరా లేదు. అందుకని రెండింటిని మంచం మీద ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో పాట వేసి ఇంకోదాంట్లో రికార్డు మీట నొక్కాం. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేశాం. కిటికీ మూసేశాం. ఏప్రిల్ నెల, వరంగల్ ఎండ. నలుగురం బనియన్లతో, దగ్గు కూడా మింగుకుంటూ కూర్చున్నాం. 24వ నిమిషంలో, తొమ్మిదో పాట 'పోస్ట్‌మార్టమ్' ముగింపుకొస్తుండగా ఎవడో తలుపు కొట్టాడు. టక్ టక్ టక్. అన్న నోటి మీద వేలు పెట్టుకుని కళ్లతోనే బూతులు తిట్టాడు. ఎవరం లేవలేదు. వచ్చినవాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మెస్‌లో గ్యాస్ అయిపోయింది, టిఫిన్ లేదు అని చెప్పడానికి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ మూడు దెబ్బలూ క్యాసెట్టులో ఉండిపోయాయి. వాటి వెనకాలే ఉరుము, వాన, వానలో డ్రమ్ము మీద మూడేసి దెబ్బలు. అమ్మ మోసపోయిందంటే పోదూ మరి!

ఆ వానపాటకి స్వరం కట్టిన గిటారిస్టు పేరు జెఫ్ హానిమన్. అన్న ఆ పేరు చెప్పగానే నాకు హోమియో గుర్తొచ్చింది. మా ఊరి హోమియో డాక్టరుగారి గోడ మీద ఆ వైద్యం కనిపెట్టిన బట్టతల పెద్దాయన పటం ఉండేది, కింద హానిమన్ అని. ఆయన వేరు, ఈయన వేరు, ఇంగ్లీషు స్పెల్లింగు కూడా వేరు. ఈయన తీపి మాత్రలిచ్చే రకం కాదు.

ఇంటర్నెట్ లేని రోజులు. అలహాబాదు నుంచి వచ్చే 'రాక్ స్ట్రీట్ జర్నల్' పాత సంచికలు, ఎవరెవరో తెచ్చే విదేశీ పత్రికల చిరుగులు, అన్న నోటిమాట, ఇవన్నీ కలిపి నేను జెఫ్ జీవితాన్ని కూడగట్టుకున్నాను. కొంత తప్పుగానే కూడగట్టాను, తర్వాత దిద్దుకున్నాను. 1964 జనవరి 31న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టాడు. పెరిగింది లాంగ్ బీచ్‌లో. తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో పోరాడి వచ్చినవాడు, అన్నలు వియత్నాం వెళ్లొచ్చారు. భోజనాల దగ్గర కూడా యుద్ధం కబుర్లే. 1981లో కెర్రీ కింగ్ అనే కుర్రాడు ఏదో బ్యాండులో చేరదామని గిటార్ వాయించి చూపించడానికి వెళ్తే, అదే చోట ఫోన్లలో సరుకులమ్మే ఉద్యోగం చేస్తూ జెఫ్ కనిపించాడు. ఇద్దరికీ నచ్చిన పాటలు కలిశాయి. అంతే, మనం కూడా ఒక బ్యాండు పెడదామా అనుకున్నారు. అప్పటికి జెఫ్ గిటార్ పట్టి ఎక్కువ కాలం కూడా కాలేదు.

చిలీలో పుట్టిన టామ్ అరాయా పాడుతూ బేస్ వాయించేవాడు. క్యూబాలో పుట్టిన డేవ్ లొంబార్డో డ్రమ్స్. అరాయా ఆస్పత్రిలో రోగుల ఊపిరి సంగతి చూసే ఉద్యోగం చేసేవాడు. ఆ జీతంలో మిగుల్చుకున్నదీ, కెర్రీ వాళ్ల నాన్న దగ్గర అప్పు తెచ్చిందీ కలిపి 1983 డిసెంబరులో మొదటి ఆల్బమ్ తెచ్చుకున్నారు. ఇది చదివినప్పుడు మా ఊళ్లో నాటకాల సమాజం వాళ్లు గుర్తొచ్చారు నాకు. వాళ్లదీ ఇదే లెక్క, ఒకరి జీతం, ఇంకొకరి నాన్న.

మిగతా ముగ్గురూ హెవీ మెటల్ మనుషులు. జెఫ్‌కి పంక్ పిచ్చి. బ్లాక్ ఫ్లాగ్, డెడ్ కెనెడీస్ లాంటి బ్యాండ్లు తీసుకొచ్చి వీళ్లకి ఎక్కించాడు. పంక్‌లో ఉన్న తొందర, మెటల్‌లో ఉన్న బరువు, రెండూ కలిశాయి. స్లేయర్ వాయించే త్రాష్ మెటల్ అంటే దాదాపు ఇదే. మెటాలికా, మెగాడెత్, ఆంత్రాక్స్‌లతో కలిపి స్లేయర్‌ని ఆ సంగీతానికి నాలుగు స్తంభాలంటారు. నాలుగింటిలో స్లేయర్‌కి మాత్రమే ఎక్కడా మర్యాద లేదు. అదే నాకు నచ్చింది.

అన్న దగ్గర మన దేశపు గివ్‌సన్ కంపెనీ చెక్క గిటార్ ఒకటి ఉండేది. ఎలక్ట్రిక్ కొనే స్తోమత ఎవరికుంది? షాంపూ డబ్బా మూతని కత్తెరతో కోసి తీగలు మీటే పిక్ చేసుకున్నాడు. ఆ చెక్క గిటార్ మీద జెఫ్ వాయింపు ఎలా ఉంటుందో నాకు చూపించిన పద్ధతి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు ఆరు తీగల్నీ అర స్వరం కిందికి దించేవాడు, స్లేయర్ వాళ్లలాగే. కుడి అరచేతి మడమని తీగల మీద, అవి కింద ఆనుకునే బ్రిడ్జి దగ్గర ఆనించేవాడు. గట్టిగా ఆనిస్తే తీగ చచ్చిపోతుంది, తేలిగ్గా ఆనిస్తే కంగుమని మోగిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఒక వెంట్రుకవాసి చోటుంది, అక్కడ చేయి ఉంచి పిక్‌ని కిందికీ పైకీ కుట్టుమిషను సూదిలా ఆడించాలి. "ఎడమ చెయ్యి ఏం జేస్తదో సూడకు. కష్టమంత కుడి చెయ్యిదే. గది కూలి, ఇది మేస్త్రి" అనేవాడు. రెండు నిమిషాలకే నా ముంజేయి రాయిలా గట్టిపడిపోయేది. జెఫ్ వేదిక మీద గంటన్నర అలా వాయించేవాడు.

ఇక సోలోలు, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే ఘట్టాలు. స్లేయర్‌లో లీడ్ గిటారిస్టు ఒకడు కాదు, జెఫ్, కెర్రీ ఇద్దరూ పంచుకునేవారు. గిటార్‌కి బిగించిన లోహపు కడ్డీని పట్టుకుని తీగల్ని ఒక్కసారి వదులు చేసి మళ్లీ లాగేస్తారు. స్వరం గావుకేక పెట్టి జారిపోతుంది. చాలామంది గిటార్ విద్వాంసులకి ఆ సోలోలంటే చులకన. స్కేలు లేదు, రాగం లేదు అంటారు. మా పెద్దత్త వీణ నేర్పేది. ఒకసారి ఆవిడకి వినిపించాను, ధైర్యం చేసి. కాసేపు తల వంచుకుని విని, "శ్రుతి తప్పిందనుకున్నా. కాదురా, కావాలనే తప్పిస్తున్నాడు. అదీ కష్టమే" అంది. తర్వాత ఆపెయ్యమంది అనుకోండి.

'రెయిన్ ఇన్ బ్లడ్' చేయించింది రిక్ రూబిన్. అప్పటిదాకా ర్యాప్ పాటలు చేస్తున్న మనిషి. అంతకుముందు ఆల్బమ్‌లో పాటల చుట్టూ గుహలో పాడినట్టు ప్రతిధ్వని ఉండేది. ఈయన అదంతా తుడిచేశాడు. గిటార్ నేరుగా మన ముఖం మీదే వాయించినట్టుంటుంది. నేను మొదటిసారి ఎదురెదురు టేప్‌రికార్డర్ల కాపీలో విన్నా ఆ పొడితనం తెలిసింది. అది అమెరికాలో టాప్ 200 ఆల్బమ్‌ల జాబితాలో 94వ స్థానం దాకా వెళ్లింది, 1992 నాటికి 5 లక్షల కాపీలు దాటింది. రేడియోలో మాత్రం దాదాపు ఎవరూ వేయలేదు.

మొదటి పాట గురించి చెప్పకుండా దాటేస్తే అబద్ధం చెప్పినట్టే. 'ఏంజెల్ ఆఫ్ డెత్' మాటలూ స్వరమూ రెండూ జెఫ్‌వే. ఆష్విట్జ్ క్యాంపులో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ డాక్టరు మెంగెలా గురించి. ఆ పాట చూసే కొలంబియా కంపెనీ ఆల్బమ్ పంపిణీ చేయనంది. గెఫెన్ వాళ్లు తీసుకున్నారు. స్లేయర్ నాజీ బ్యాండు అన్న మాట అప్పటి నుంచి వాళ్లని వదల్లేదు. తండ్రి యుద్ధం నుంచి తెచ్చిన జర్మన్ పతకాలు ఇచ్చాడు, అక్కడి నుంచి ఆసక్తి పుట్టింది, అంతే తప్ప నాకు ఆ భావాలు లేవని జెఫ్ చెప్పుకుంటూనే వచ్చాడు. నేను నమ్ముతాను. చిలీ నుంచీ క్యూబా నుంచీ వచ్చిన పిల్లలతో బ్యాండు పెట్టిన మనిషి. కానీ పాటలో ఆ దుర్మార్గుణ్ని వర్ణించడమే తప్ప ఖండించే మాట వెతికినా కనపడదు. వాడు చెడ్డవాడని విడిగా చెప్పాలా అనేది జెఫ్ వాదన. ఇరవై ఏళ్ల వయసులో నాకు ఆ వాదన సరిపోయింది. ఇప్పుడు, ఆ క్యాంపుల్లో అందరినీ పోగొట్టుకున్నవాళ్లు అది వింటే ఎలా ఉంటుందో అనిపిస్తుంది. పాట మటుకు వింటూనే ఉన్నాను.

తర్వాత ఉద్యోగం, హైదరాబాద్, పెళ్లి, ఈఎంఐలు. మొదటి జీతంతో ఆ ఆల్బమ్ సీడీ కొనుక్కుని విన్నాను. తొమ్మిదో పాట చివర ఏదో లోటుగా ఉంది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. తలుపు చప్పుడు లేదు! ఇన్నాళ్లూ అది పాటలో భాగమైపోయింది నాకు.

స్లేయర్ ఊరూరా కచేరీలు చేస్తూనే ఉండేది. 2007లోనూ 2008లోనూ గ్రామీ సంగీత అవార్డులు కూడా ఇచ్చారు. జెఫ్ ఇంటర్వ్యూల్లో పెద్దగా కనపడేవాడు కాదు. మాట్లాడే పని కెర్రీది. జెఫ్ ఇంట్లో కూర్చుని పాటలు కట్టుకునేవాడు. ఆయన గిటార్లలో ఒకదాని మీద హైనకెన్ బీరు సీసా మీది బొమ్మలాగే ఆకుపచ్చగా వేసి, బీరు పేరున్న చోట హానిమన్ అని రాయించుకున్నాడు. ఆ ఫోటో చూసి మేమెంత నవ్వుకున్నామో!

2011 మొదట్లో వార్త వచ్చింది, జెఫ్‌కి కుడిచేతి మీద సాలీడు కుట్టిందని. దాని నుంచి మాంసాన్ని తినేసే ఇన్ఫెక్షన్ సోకింది. కొన్ని రోజులు కోమాలో ఉంచారు. చచ్చిన కండ తీసేసి, చర్మం అతికించారు. కుడిచేయి. అన్న చెప్పిన ఆ కూలి చేయి. ఎక్సోడస్ బ్యాండు గిటారిస్టు గ్యారీ హోల్ట్ ఆయన బదులు వాయించడానికి వచ్చాడు, జెఫ్ కోలుకునేదాకా అని. ఆ ఏప్రిల్ 23న కాలిఫోర్నియాలోని ఇండియోలో నాలుగు స్తంభాలూ ఒకే వేదికెక్కిన రోజు, చివర్లో జెఫ్ వచ్చి రెండు పాటలు వాయించాడు. ఆ వీడియో నేను ఆఫీసులో లంచ్ టైమ్‌లో చూశాను. చప్పట్లు కొట్టబోయి ఆగాను, పక్కన మేనేజరు.

2012 అక్టోబర్ 20న స్లేయర్ బెంగళూరు వస్తోందన్నారు. నవరాత్రులు. "పండగ పూట ఎక్కడికిరా" అని అమ్మ ఫోన్‌లో సణిగింది. ఆఫీసు పని అని చెప్పి శుక్రవారం రాత్రి బస్సెక్కాను. అన్న అప్పటికి బెంగళూరులోనే ఉన్నాడు. బస్టాండుకొచ్చాడు. బొజ్జ, కళ్లజోడు, కారు డాష్‌బోర్డులో బీపీ మాత్రలు. గిటార్ ఏదన్నా అంటే, "పిల్లగాడు తీగలు తెంపిండు, మల్ల ఎయ్యలే" అన్నాడు.

థనిసంద్ర రోడ్డు వైపు భారతీయ సిటీ మైదానం. ఎటు చూసినా నల్ల చొక్కాలే. అందరూ మా కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు. అన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె నుంచి తెచ్చిన దూది సగం చింపి నా చేతిలో పెట్టాడు, చెవుల్లో పెట్టుకొమ్మని. మెడకి ఆపరేషన్ అయినందువల్ల అరాయా తల విదిలించకుండా నిటారుగా నిలబడి పాడాడు. లొంబార్డో డ్రమ్స్ కడుపులో తగులుతున్నాయి. జెఫ్ ఉండాల్సిన చోట గ్యారీ హోల్ట్. తప్పు పట్టడానికి లేదు, అద్భుతంగా వాయించాడు. అయినా నా చూపు మాటిమాటికీ అటే పోయి, జెఫ్ కాదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. ఇంకొన్నాళ్లు పోతే వస్తాడులే అనుకున్నాను.

'రెయినింగ్ బ్లడ్' ముందు దీపాలు తగ్గించి స్పీకర్లలో వాన వదిలారు. డ్రమ్ము మీద మూడు దెబ్బలు పడ్డాయి. వేలమంది ఒక్కసారి కేక. అన్న నా చెవిలోని దూది లాగేసి అరిచాడు, "తలుపు కొట్టెటోడేడి రా?"

ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. పాట మొదలైంది కూడా తెలియలేదు.

2013 మే 2న జెఫ్ పోయాడు. 49 ఏళ్లు. మర్నాడు పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. మాట్లాడకుండా కాసేపు లైన్లోనే ఉన్నాడు. అందరూ సాలీడే చంపేసింది అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. వారం తర్వాత బ్యాండువాళ్లే అసలు కారణం చెప్పారు, మద్యం వల్ల కాలేయం పాడైపోయి పోయాడని. అన్న మళ్లీ ఫోన్ చేశాడు. "సాలీడు గాదంట రా" అన్నాడు. ఇంకేం అనలేదు. నాకు ఆ ఆకుపచ్చ గిటార్ కళ్ల ముందుకొచ్చింది. ఇప్పటికీ చాలామంది అభిమానులు సాలీడు కథే చెబుతారు. మా ఊళ్లో కూడా ఎవరన్నా తాగి పోతే కామెర్లతో పోయాడంటారు, అలాంటిదే ఇది.

ఆ నెల మధ్యలో ఊరికెళ్లాను. అమ్మ వరండాలో కూర్చుని గుమ్మడికాయ కోరుతోంది. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. ఏదో మాటల్లో చెప్పాను, "అమ్మా, ఆ వాన పాట కట్టినాయన పోయాడు."

"ఏ వాన పాట?"

"నీ వడియాల పాట."

కోరడం ఆపింది. నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. "అయ్యో. ఎంత వయసు?"

"నలభై తొమ్మిది."

"ఏమైంది?"

"చేతి మీద సాలీడు కుట్టింది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "సాలీడు కుడితే మనిషి పోతాడురా? తాగేవాడా?"

"ఆ."

"మరట్టా చెప్పు" అని, చేతులు దులుపుకుని, పొద్దున పెట్టిన వడియాలు తిరగేయడానికి డాబా ఎక్కింది.